బుడగ వచ్చిన చోట

పదహారేండ్ల సంది పంచర్లేస్తున్న
జడ్చర్ల ఫ్లైఓవర్ దగ్గర, రోడ్డుకు ఎడమ పక్క.
లారీ ఆగే సప్పుడు వింటేనే
ఏ టైరుల మేకు దిగిందో చెప్పేటోణ్ణి.
నా ఇంట్లనే గాలి పోతున్న సంగతి
నాకు ఎర్క లేకపాయె.

సొల్యూషన్ ట్యూబులు జల్ది అయిపోతుంటే
లెక్క తప్పిందనుకున్న, నా లెక్కే.
మణిదీప్ తన దస్తీని తల్లికి ఉతకనియ్యడు.
పేరు పెట్టి పిలిస్తె రెండోసారికి గాని
తిరిగి సూస్తలేడని అంజమ్మ అన్నది.
తొమ్మిదో తరగతి పోరలు గట్లనే ఉంటరన్న.

తెలిసిన్నాడు కొట్టిన.
జాకీ రాడ్డుతోని కాదు, బెల్టుతోని.
ఆ తేడాను ఇప్పటికీ
నా మంచితనం కింద రాసుకుంట.

రేకుల అర్రల మూడు దినాలు తాళమేసిన.
కల్వకుర్తి తొవ్వల ఒకాయన
అన్నంల కలిపే పొడి ఇచ్చిండు, ఆరువేలు.
పోరడు కక్కిండు.
పని చేస్తున్నట్టే లెక్క, అన్నడాయన.
ఇప్పటిదాంక ఎంతమందికి పని చేసిందని
నేనడగలే.
టైరు కొనేటప్పుడైతే
ఎన్ని కిలోమీటర్లు నడుస్తదని అడుగుత.

పాలమూరు పెద్దాస్పత్రి, పై అంతస్తు, చివరి గది.
సబిహా మేడం నన్ను తిడుతదనుకున్న. తిట్టలే.
వాణ్ణన్న తిడుతదనుకున్న. అదీ లే.
“అది నీకు ఏమిస్తది బేటా?” అన్నది.
పదిహేనేండ్లల ఒక్కసారి గూడ
నా నోట్లెకెళ్లి రాని మాట.
వాడు శానసేపు కిటికీ దిక్కు సూసి
“సప్పుడు తగ్గుతది” అన్నడు.
హైవే సప్పుడు అనుకున్న నేను.
నాదీ అంజమ్మదీ అంట.

ట్యూబును కొడితే చిల్లి దొరకదు.
తొట్టిల ముంచాలె, మెల్లగ తిప్పాలె,
సూపు పక్కకు పోనియ్యొద్దు.
బుడగ వచ్చిన చోట సుద్దముక్కతోని గీత.
ఇది నాకు రాని ఇద్దె కాదు.
చేతులే వేరే పనికి అలవాటు పడ్డయి.

వారానికి రెండుసార్లు బస్సు.
ఆడ బల్ల మీద ఒక స్టీలు డబ్బా, దాంట్ల చీటీలు.
తప్పకుండ వచ్చినోళ్లు ఒకటి తియ్యాలె.
శానమటుకు “శభాష్” అని రాసుంటది,
కొన్నిట్ల పెన్ను, ఒక్కదాంట్ల షటిల్ బ్యాటు.
లంచమిచ్చి బాగు చేస్తరా మేడం, అన్న.
“శానా ఊర్లల్ల, శానా పిల్లలతోని
లెక్కేసి సూసిండ్రు, పని చేస్తది.
బెల్టును గూడ లెక్కేసిండ్రు” అని ఆగింది.
నేను కింద గచ్చు సూసిన.

మమ్మల్ని గూడ ఎదురెదురుగ కూసోబెట్టింది.
ఒకరు మాట్లాడుతుంటె ఇంకొకరు ఆగుడు
నలబై దాటినంక నేర్చుకున్నం.
ఇప్పటికీ సగం దినాలు మర్చిపోతం.

ఏడో వారం వాడు మల్ల తప్పిండు.
పత్తి మిల్లు గోడ కింద దొరికిండు,
నోటి సుట్టు ఎర్రగ, కండ్లు యాడనో.
నా చెయ్యి నడుముకు పోయింది.
బెల్టు లేదు.
స్టెప్నీ జారకుండ దాన్ని
బండి క్యారేజికి కట్టిన సంగతి అప్పుడు యాదికొచ్చింది.
మేడంకు ఫోన్ చేసిన, గొంతు రాలే.
“రేపు తీస్కరా. డబ్బా ఈడనే ఉంటది.”
గంతే అన్నది.

ఇప్పుడు సొల్యూషన్ పెట్టెకు తాళం,
చెవి అంజమ్మ కొంగున.
పని మార్చేటందుకు పైసలు లేవు.
రాత్రి ఇల్లు చేరకముందే
సర్ఫు, సబ్బు, నిమ్మచెక్క,
గోర్ల సందులదాంక రుద్దుత.
అయినా వాసన పూరా పోదు.

అన్నానికి కూసున్నప్పుడు
వాడు నాకెళ్లి జరంత జరుగుతడు.
మొదట్ల మనసు నొచ్చేది.
ఇప్పుడు ఆ జానెడు జాగను
దినాం సూస్తున్న,
సప్పుడు చెయ్యకుండ,
తొట్టిల సూసినట్టు.